పేరు పెద్దగా వినపడని పజిల్ ఆటలు: మీ ప్రశ్నలు, మా జవాబులు

చిన్న బృందాలు, కొన్నిసార్లు ఒక్క మనిషే కూర్చుని తయారుచేసిన పజిల్, అడ్వెంచర్ ఆటల గురించి విజయవాడ, గుంటూరుల నుంచి వచ్చిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈ సంచికలో జవాబులిస్తున్నాం. ఆటలోని గుట్టు కొంచెం బయటపడే చోట ముందే చెబుతాం. తామే కనిపెట్టాలనుకునేవారు అక్కడ ఆగి తర్వాతి ప్రశ్నకు వెళ్లొచ్చు.

ప్రశ్న: మా ఇంట్లో ఉన్నది పాత ల్యాప్‌టాప్. 4 జీబీ ర్యామ్, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు, విండోస్ 7. షాపులో అడిగితే ఆటలు ఆడాలంటే కొత్త మెషీన్ కొనాల్సిందే అన్నారు. నిజమేనా? (ఒక పాఠకుడు, పటమట, విజయవాడ)

పెద్ద షూటింగ్, రేసింగ్ ఆటల విషయంలో అది నిజమే. పజిల్ ఆటలకు మాత్రం ఆ అవసరం లేదు. మీకు అడ్డం వచ్చేది ర్యామ్ కాదు, విండోస్ 7. ఆటలు అమ్మే స్టీమ్ 2024 జనవరి 1 నుంచి విండోస్ 7, 8, 8.1లను వదిలేసింది. అందుకని ముందు విండోస్ 10 వేయించండి. పాత హార్డ్‌డిస్క్ తీయించి, దానికంటే వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ డిస్క్ పెట్టిస్తే అదే ల్యాప్‌టాప్ బాగా తేలికపడుతుంది. ఒక జాగ్రత్త: విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు భద్రతా అప్‌డేట్లు కూడా 2025 అక్టోబర్ 14తో ఆగాయి. ఆ మెషీన్‌ను ఆటలకే ఉంచండి, బ్యాంకు పనులు వేరేచోట చేసుకోండి.

కొనే ముందు మీ మెషీన్ సంగతి తెలుసుకోవాలి. విండోస్ కీ, ఆర్ కీ కలిపి నొక్కితే వచ్చే చిన్న పెట్టెలో డీఎక్స్‌డయాగ్ (dxdiag) అని ఇంగ్లిషు అక్షరాల్లో టైపు చేసి ఎంటర్ కొట్టండి. మొదటి పేజీలో ర్యామ్, డిస్‌ప్లే అనే పేజీలో గ్రాఫిక్స్ చిప్ పేరు కనిపిస్తాయి. వాటిని ఆట పేజీ అడుగున ఇచ్చే కనీస అర్హతలతో పోల్చి చూడండి.

4 జీబీ మెషీన్లలో ఆట నత్తనడక నడిస్తే చాలాసార్లు తప్పు ఆటది కాదు, వెనకాల తెరిచి ఉన్న బ్రౌజర్‌ది. దాన్ని మూసేయండి. స్టీమ్‌లో వ్యూ మెనూకి వెళ్లి స్మాల్ మోడ్ పెడితే అది తినే ర్యామ్ కూడా తగ్గుతుంది. ఫ్యాన్ మోత మోగిపోతుంటే ఆట సెట్టింగుల్లో వీ-సింక్ ఆన్ చేయండి. అది లేకపోతే కదలని బొమ్మను కూడా చిప్ సెకనుకు వందలసార్లు గీస్తూ వేడెక్కుతుంది.

మొదట ఆడాల్సింది మషినేరియం. చెక్ దేశపు అమానిటా డిజైన్ 2009లో తెచ్చిన ఆట. తుప్పుపట్టిన ఇనుప నగరంలో ఒక చిన్న రోబో కథ. తర్వాత స్నేక్‌బర్డ్, బాబా ఈజ్ యూ. రూపాయి కూడా పెట్టకుండా మొదలెట్టాలంటే పాత అడ్వెంచర్ ఆటలను నేటి కంప్యూటర్లలో నడిపించే స్కమ్‌వీఎమ్ అనే ఉచిత ప్రోగ్రాం దింపుకోండి. 1994 నాటి బినీత్ ఎ స్టీల్ స్కై అనే సైన్స్ ఫిక్షన్ అడ్వెంచర్‌ను తయారీదారులే ఉచితం చేశారు, స్కమ్‌వీఎమ్ వెబ్‌సైట్‌లోనే దొరుకుతుంది.

స్టీమ్‌లో ధరలు రూపాయల్లోనే ఉంటాయి, యూపీఐతో కట్టొచ్చు. కొన్న 14 రోజుల్లోపు, ఆడిన సమయం 2 గంటలు దాటకముందు అడిగితే డబ్బు వెనక్కి ఇస్తారు. ఆట తెరిచి మెనూ దగ్గర వదిలేసి భోజనానికి వెళ్లినా ఆ సమయం లెక్కలోకి వస్తుంది. కాబట్టి కొన్న రోజే ఒక అరగంట ఆడి, మీ మెషీన్‌లో నడుస్తుందో లేదో తేల్చుకోండి.

ప్రశ్న: బాబా ఈజ్ యూ మొదలుపెట్టాను. మొదటి లెవెల్స్ చకచకా అయిపోయాయి. ఇప్పుడు ఒక లెవెల్ దగ్గర రోజుల తరబడి ఆగిపోయాను. యూట్యూబ్‌లో చూసేయమంటారా? (ఒక పాఠకురాలు, అరండల్‌పేట, గుంటూరు)

చూడకండి. ఈ ఆటలో జవాబు చూస్తే ఆ లెవెల్ ఒక్కటే పోదు, అది నేర్పబోయిన ఉపాయం కూడా పోతుంది. తర్వాతి పది లెవెల్స్ ఆ ఉపాయం మీదే నిలబడి ఉంటాయి. అందుకే జవాబులు చూసినవారు ఆ తర్వాత ఇంకా తరచుగా ఆగిపోతారు.

ఆట తెలియనివారి కోసం: ఇది ఫిన్లాండ్‌కు చెందిన ఆర్వి టెయికారి 2019లో విడుదల చేసిన ఆట. 2017లో నార్డిక్ గేమ్ జామ్ అనే, తక్కువ సమయంలో ఆట తయారుచేసే పోటీలో గెలిచిన చిన్న నమూనానే పెంచి పెద్ద ఆట చేశారు. ఇందులో నియమాలు తెర మీద దిమ్మెలుగా పడి ఉంటాయి. ‘వాల్ ఈజ్ స్టాప్’ అని మూడు దిమ్మెలు వరుసలో ఉన్నంతసేపే గోడ ఆపుతుంది. ఒక దిమ్మె పక్కకు తోస్తే గోడలోంచి నడిచి వెళ్లిపోవచ్చు.

ఎక్కడైనా ఆగిపోయినప్పుడు కీబోర్డు మీద చేతులు తీసేసి ఈ వరుసలో చూడండి.

మొదట కదలనివి తేల్చండి. తెర మూలల్లో ఇరికించిన వాక్యాన్ని ఎవరూ విడదీయలేరు. అది ఆ లెవెల్‌కి శాసనం. అంచుకు ఆనుకున్న దిమ్మె అంచు వెంబడే జరుగుతుంది, తిరిగి లోపలికి రాదు. ఈ ఆటలో తొయ్యడమే కానీ లాగడం మామూలుగా ఉండదు. ఏయే దిమ్మెలు నిజంగా మీ చేతిలో ఉన్నాయో ఇలా వడకడితే లెవెల్ సగానికి చిన్నదవుతుంది.

తర్వాత చివర్నుంచి వెనక్కి రండి. గెలవాలంటే ‘యూ’ అయిన వస్తువు, అంటే మీరు నడిపేది, ‘విన్’ అయిన వస్తువును తాకాలి, లేదా ఒకే వస్తువు రెండూ కావాలి. ‘విన్’ దిమ్మె ఎక్కడుంది? దాన్ని ఏ వాక్యం చివరికి చేర్చగలరు? ఆ వాక్యానికి ముందు ఏ పేరు కావాలి? ఇలా వెనక్కి లెక్కపెట్టినప్పుడు నిజమైన అడ్డంకి ఒక్కటే అని చాలాసార్లు తేలుతుంది.

మూడోది, ‘ఈజ్’ దిమ్మెలు లెక్కపెట్టండి. అవి సాధారణంగా చాలవు. చాలకపోతే ఒకే ‘ఈజ్’ను అడ్డంగా ఒక వాక్యానికి, నిలువుగా ఇంకో వాక్యానికి వాడే చోటు వెతకండి. వాక్యాలు ఎడమ నుంచి కుడికి, పై నుంచి కిందికి మాత్రమే చదవబడతాయి. తిరగేసి పేరిస్తే ఏమీ జరగదు. ఎన్ని దిమ్మెలు వరుసగా ఉన్నా ఒకేసారి తొయ్యొచ్చు, బరువు అనే లెక్క లేదు. ‘రాక్ ఈజ్ రాక్’ లాంటి వాక్యం తెలివితక్కువగా కనిపిస్తుంది కానీ దానికో పనుంది. అది ఉన్నంతవరకు ఆ రాయిని వేరే వస్తువుగా మార్చలేరు.

ఉన్నట్టుండి సంగీతం ఆగిపోతే ‘యూ’ అనేది ఏదీ మిగల్లేదని అర్థం. జెడ్ కీ నొక్కుతూ వెనక్కి రండి. ఒక్క అడుగైనా, వంద అడుగులైనా వెనక్కి వెళ్లొచ్చు. ఆర్ కీ కొడితే లెవెల్ మొదటికి వస్తుంది. భయపడి జాగ్రత్తగా ఆడేవారే ఇందులో ఎక్కువగా ఆగిపోతారు. ‘యూ’ వాక్యాన్ని కావాలనే విరగ్గొట్టి ఏం జరుగుతుందో చూడండి. ఇప్పటిదాకా ఒక్కసారి కూడా చేయని కదలిక ఏది అని మిమ్మల్ని మీరు అడగండి. జవాబు చాలావరకు అందులోనే ఉంటుంది. లెవెల్ పేరు కూడా చదవండి, కొన్ని పేర్లు సూచనలే.

అయినా కుదరకపోతే బయటికి వచ్చి మ్యాప్‌లో ఇంకో లెవెల్‌కు వెళ్లండి. ముందుకు సాగడానికి ఒక ప్రాంతంలోని లెవెల్స్ అన్నీ పూర్తి చేయనక్కర్లేదు.

ఇదంతా మరీ కఠినంగా అనిపిస్తే ఎ మాన్‌స్టర్స్ ఎక్స్‌పెడిషన్ (2020) ఆడండి. చెట్టును తోస్తే దుంగ పడుతుంది. పక్క నుంచి తోస్తే దొర్లుతుంది, కొస నుంచి తోస్తే నిలబడుతుంది, నీళ్లలో పడితే వంతెన అవుతుంది. దీవులన్నీ ఒకే మ్యాప్‌లో ఉంటాయి కనుక ఒకచోట ఆగితే ఇంకో దారి ఉంటుంది. పజిల్ ఆటల్లో ఇంత దయగా తీర్చిదిద్దినవి అరుదు. దీనికి రావాల్సినంత పేరు రాలేదన్నది మా గట్టి అభిప్రాయం.

ప్రశ్న: మా నాన్నగారు రిటైరయ్యారు. ఇంగ్లిషు చదవడం ఇష్టపడరు. ఫోన్‌లో క్యాండీ ఆటలు ఆడుతుంటే నిమిషానికో ప్రకటన వస్తోందని విసుక్కుంటున్నారు. చదవాల్సిన పని లేని ఆటలు చెప్పండి. (భవానీపురం, విజయవాడ)

మాటల్లేని అడ్వెంచర్లు ఉన్నాయి. మషినేరియంలో సంభాషణలన్నీ రోబోల తల మీద బొమ్మల బుడగలే. ఆండ్రాయిడ్‌లో దొరుకుతుంది. ఆగిపోతే పైన ఉండే బల్బు గుర్తు నొక్కితే ఆ తెరలో చేయాల్సిన పని బొమ్మగా చూపిస్తుంది. దాని పక్కనున్న పుస్తకంలో పూర్తి పరిష్కారం ఉంటుంది, కానీ అది తెరుచుకోవాలంటే ఒక చిన్న ఆట గెలవాలి. తొందరపడి జవాబు చూడకుండా ఉండటానికి ఇది మంచి అడ్డుకట్ట. ఫోన్ తెర మీద చిన్న వస్తువులు కనపడవు, నాన్నగారికి ట్యాబ్లెట్ ఉంటే అందులోనే పెట్టివ్వండి.

హిడెన్ ఫోక్స్ (2017) ఇంకా సులువు. చేత్తో గీసిన నలుపు తెలుపు బొమ్మల్లో దాక్కున్నవారిని వెతకాలి. తలుపులు, పొదలు, గుడారాలు తాకితే తెరుచుకుంటాయి. శబ్దాలన్నీ తయారుచేసినవారు నోటితో చేసినవే. మనవళ్లతో కలిసి ఆడేందుకు లాస్ట్ ఇన్ ప్లే (2022) బాగుంటుంది. అన్నాచెల్లెళ్ల ఊహాలోకం, కార్టూన్ సినిమాలా సాగుతుంది. ఐఫోన్ ఉంటే గొరొగోవా (2017) తప్పకుండా కొనివ్వండి. నాలుగు గళ్లు, నాలుగు బొమ్మలు. ఒక బొమ్మలోని కిటికీని పక్క గడిలోని బొమ్మ మీద పెడితే రెండూ ఒకే దృశ్యమవుతాయి. రెండు గంటల్లో అయిపోతుంది. జేసన్ రాబర్ట్స్ ఒక్కరే బొమ్మలన్నీ గీశారు.

మొదట డబ్బు కట్టి కొనే ఆటలో సాధారణంగా ప్రకటనలు ఉండవు. ఉచితం అని రాసి ఉన్నదాంట్లో చాలావరకు ఉంటాయి. దీనికి మంచి మినహాయింపు సైమన్ టాథమ్ పజిల్స్. సుడోకు మొదలు దాదాపు 40 రకాల పజిల్స్ ఒకే యాప్‌లో ఉంటాయి. పూర్తిగా ఉచితం, ప్రకటనల్లేవు, నెట్ అక్కర్లేదు. అందులో మైన్స్ అనే ఆటను చూడండి. పాత మైన్‌స్వీపర్‌లో చివర్లో గుడ్డిగా నొక్కాల్సి వచ్చేది. ఇందులో మొదటి నొక్కుడు తర్వాత ఊహతో పని లేకుండా తర్కంతోనే తేలే పలకలను మాత్రమే తయారుచేస్తుంది.

ప్రశ్న: రిటర్న్ ఆఫ్ ది ఓబ్రా డిన్‌లో 15 మంది దాకా తేల్చాను. మిగతావాళ్ల పేర్లు తెలిసే దారి కనపడటం లేదు. ఇక ఊహించాల్సిందేనా? (ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు)

ఊహించనక్కర్లేదు. లూకస్ పోప్ 2018లో తెచ్చిన ఈ ఆటలో మీరు ఈస్టిండియా కంపెనీ తరఫున వచ్చిన బీమా లెక్కల ఉద్యోగి. 1807లో మనుషుల్లేకుండా తిరిగొచ్చిన ఓడలో 60 మందికి ఏమైందో రాయాలి. శవం దగ్గర గడియారం తెరిస్తే ఆ మనిషి చనిపోయిన క్షణం గడ్డకట్టిన దృశ్యంగా కనిపిస్తుంది. పేరు నేరుగా చెప్పే దృశ్యాలు తక్కువ. మీరు చెప్పిన 15 వాటితోనే వచ్చి ఉంటాయి. అసలు ఆట ఇప్పుడే మొదలు.

ఆటలో మీ చేతికిచ్చే పుస్తకంలోని బృంద చిత్రం తెరవండి. ముఖం మసకగా ఉంటే ఆ మనిషిని తేల్చేందుకు కావలసిన ఆధారాలు మీరింకా చూడలేదని అర్థం. ముఖం స్పష్టంగా ఉంటే ఆధారం ఇప్పటికే చూసిన దృశ్యాల్లోనే ఉంది. ముఖం కింద త్రికోణాలు కష్టాన్ని చెబుతాయి. ఒక త్రికోణం ఉన్నవాళ్లతో మొదలుపెట్టండి. ఇది తెలియక మసక ముఖాల మీద గంటలు పోసేవారే ఎక్కువ.

తర్వాత ఒక మనిషికి గుర్తు పెట్టండి. అతను కనిపించే దృశ్యాలకు పుస్తకం దారి చూపిస్తుంది. ఆ దృశ్యాల్లో చనిపోతున్నవాడిని కాదు, వెనకాల నిలబడినవాళ్లను చూడండి. ఎవరు ఎవరి పక్కన ఉన్నారు, ఏ గదిలోంచి వస్తున్నారు, ఏ దుస్తులు వేసుకున్నారు, చేతిలో ఏ పనిముట్టు ఉంది. వడ్రంగి సహాయకుడు వడ్రంగి దగ్గరే కనిపిస్తాడు. అధికారుల సేవకులు తమ దొరల చుట్టూ ఉంటారు. మాటలు వినేటప్పుడు యాసను, భాషను పట్టుకోండి. పేర్ల జాబితాలో ప్రతి మనిషి దేశం రాసి ఉంటుంది. వాళ్లలో భారతదేశం నుంచి వెళ్లిన నావికులు కూడా ఉన్నారు. బోసన్, టాప్‌మన్, మిడ్‌షిప్‌మన్ లాంటి ఓడ మాటలు తెలియకపోతే పుస్తకం చివరన అర్థాలున్నాయి.

ఇక్కడ కొంచెం గుట్టు విప్పుతున్నాం: నావికులు పడుకునే ఊయల పడకలకు అంకెలు ఉంటాయి. పేర్ల జాబితాలోనూ అంకెలున్నాయి.

ముగ్గురి వివరాలు పూర్తిగా సరైనప్పుడే ఆట ఒప్పుకుంటుంది. ఖాయంగా తెలిసిన ఇద్దరివి పెట్టి, మూడో మనిషి దగ్గర పేర్లు మార్చుకుంటూ పోతే తగులుతుంది. చివర్లో ఇద్దరు ముగ్గురి మధ్య తేడా తేలనప్పుడు ఇలా చేయడం తప్పేమీ కాదు. 15 దగ్గర చేస్తే మాత్రం ఆట చప్పబడిపోతుంది. చావుకు కారణం రాసేటప్పుడు పొడవడమా, నరకడమా అని మరీ తల పట్టుకోకండి. రెండర్థాలు వచ్చే చోట్ల ఆట ఒకటికి మించిన జవాబులు ఒప్పుకుంటుంది. ఆటంతా రెండు రంగుల చుక్కల బొమ్మే, అది కళ్లకు శ్రమగా ఉంటే సెట్టింగుల్లో కమోడోర్, జెనిత్, ఐబీఎం అనే పాత కంప్యూటర్ తెరల రంగులున్నాయి. మార్చి చూడండి.

ఇది పూర్తయ్యాక ది కేస్ ఆఫ్ ది గోల్డెన్ ఐడల్ (2022) ఆడండి. లాత్వియాకు చెందిన ఇద్దరు అన్నదమ్ముల ఆట. దృశ్యంలోంచి మాటలు ఏరి, ఖాళీలున్న కథనాన్ని నింపాలి.

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ. రోజుకి అరగంట ఆట అని ఒప్పందం. షూటింగ్ ఆట మధ్యలో ఆపమంటే గొడవ. బుర్రకు పదునుపెట్టే ఆటలేవైనా ఆడితే చదువుకూ ఉపయోగపడతాయా? (ఒక తల్లి, గుణదల, విజయవాడ)

అమ్మా, మార్కులు పెరుగుతాయని మేం చెప్పం. మీ అసలు సమస్యకు మాత్రం పజిల్ ఆటలు సరిగ్గా సరిపోతాయి. ఆన్‌లైన్ షూటింగ్‌లో మధ్యలో వదిలితే జట్టు ఓడిపోతుంది, అందుకే పిల్లలు లేవరు. పజిల్‌లో అవతల ఎవరూ ఎదురుచూడరు. ల్యాప్‌టాప్ మూసినా ఆట అక్కడే ఉంటుంది. పైగా లేచాక కూడా బుర్రలో నలుగుతూనే ఉంటుంది, కాబట్టి అది కాలేజీ బస్సులోనూ ఆడే ఆట.

ఎంపీసీ అంటున్నారు కనుక సోకోబాండ్ (2013) ఇప్పించండి. హైడ్రోజన్‌కు ఒకటి, ఆక్సిజన్‌కు రెండు, నైట్రోజన్‌కు మూడు, కార్బన్‌కు నాలుగు బంధాలు. పరమాణువును తోస్తూ మిగతావాటి పక్కకు చేరిస్తే బంధం దానంతటదే పడుతుంది. ఒక్క ఎలక్ట్రాన్ కూడా మిగలకుండా అన్నీ కలవాలి. ముందే తప్పుచోట అతుక్కుంటే మొత్తం చెడుతుంది. అందుకే ఇక్కడ ఏది దేని పక్క నుంచి వెళ్లకూడదన్నదే అసలు ప్రశ్న. తర్వాతి భాగాల్లో బంధాన్ని తెంచేవి, రెట్టింపు చేసేవి, తిప్పేవి వస్తాయి. ఇందులో అణువుల ఆకారాలు గళ్లకు తగ్గట్టు సర్దినవి. పుస్తకంలోని బంధ కోణాలతో పోల్చుకోవద్దని అబ్బాయికి చెప్పండి.

స్నేక్‌బర్డ్ (2015) చూడటానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది కానీ చాలా గట్టి పిండం. పండు తింటే పొడవు పెరిగే పిట్టలు తమ శరీరాన్నే మెట్లుగా వాడుకుంటూ పైకెక్కాలి. ముందు స్నేక్‌బర్డ్ ప్రైమర్ (2019) ఆడించండి. అదే ఆట, తేలికైన లెవెల్స్.

ప్రశ్న: నేను తెలుగు ఉపాధ్యాయుడిని. లిపులు, భాషల మీద ఆసక్తి. ఆ చుట్టూ తిరిగే ఆట ఏదైనా ఉందా? (సత్యనారాయణపురం, విజయవాడ)

మాస్టారూ, మీకోసమే చేసినట్టున్న ఆట ఒకటుంది. ఛాంట్స్ ఆఫ్ సెన్నార్ (2023), ఫ్రాన్స్‌కు చెందిన రన్‌డిస్క్ తయారీ. ఒక మహా గోపురంలో ఒక్కో అంతస్తులో ఒక్కో జాతి, ఒక్కో లిపి. ఎవరి మాటా మీకు అర్థం కాదు. గోడ మీద రాతలు, సైగలు, సందర్భం చూసి ఒక్కో గుర్తుకు అర్థం ఊహించి నోటుపుస్తకంలో మీరే రాసుకుంటారు. కొన్ని గుర్తులు పోగయ్యాక పుస్తకంలో బొమ్మలు వస్తాయి. ఆ పేజీలోని బొమ్మలన్నింటి కింద సరైన గుర్తులు పెడితేనే అర్థాలు ఖాయమవుతాయి.

గుర్తుల రూపాన్ని పట్టించుకోండి. ఒకే భాషలో మనుషులకు సంబంధించినవన్నీ ఒక ఉమ్మడి గీతతో, చోటులన్నీ ఇంకో గీతతో ఉండటం గమనిస్తే తెలియని గుర్తు కూడా సగం చదివేయొచ్చు. బహువచనం, వ్యతిరేకార్థం, పదాల వరుస భాష భాషకూ మారతాయి. ఒక భాష వ్యాకరణాన్ని ఇంకో భాష మీద రుద్దినప్పుడే చాలామంది తప్పుతారు. తొందరపడి ఊహలు ఖాయం చేసుకోకండి. కాపలావాళ్ల కంటపడకుండా దాక్కుంటూ నడిచే భాగాలు కొన్ని ఉన్నాయి. అవి ఆటకు ఏమీ కలపలేదు, ఓపికపట్టి దాటేయండి.

దీని తర్వాత హెవెన్స్ వాల్ట్ (2019). ఇందులో మీ అనువాదం తప్పయినా కథ ఆగదు. తప్పు అర్థంతోనే చాలాదూరం నడుస్తుంది. మాటలు ఎక్కువ, ఇంగ్లిషు హాయిగా చదవగలగాలి.

ప్రశ్న: నేను గుంటూరులో, నా స్నేహితురాలు విజయవాడలో. ఫోన్‌లో మాట్లాడుకుంటూ ఇద్దరం ఆడగలిగే పజిల్ ఉందా? (లక్ష్మీపురం, గుంటూరు)

ది పాస్ట్ వితిన్ (2022), డచ్ బృందం రస్టీ లేక్ తయారీ. ఒకరు గతంలో, ఒకరు భవిష్యత్తులో ఉంటారు. మీ తెర మీద ఉన్న గుర్తులు ఆమె పెట్టె తాళానికి కావాలి. రెండు ఆటలకూ మధ్య నెట్ సంబంధమేమీ ఉండదు, మీ మాటే తీగ. కాబట్టి ఒకరు ఫోన్‌లో, ఇంకొకరు కంప్యూటర్‌లో ఆడొచ్చు. ఇద్దరూ విడివిడిగా కొనాలి. తెర ఫొటో తీసి పంపుకోవద్దని ముందే ఒట్టు పెట్టుకోండి, మాటల్లో వర్ణించడమే ఇందులో ఆట. కొంచెం భయపెట్టే దృశ్యాలున్నాయి.

ఒక్కరే కొంటే చాలనుకుంటే కీప్ టాకింగ్ అండ్ నోబడీ ఎక్స్‌ప్లోడ్స్ (2015). ఒకరికి బాంబు కనిపిస్తుంది, ఇంకొకరి దగ్గర దాన్ని విప్పే పుస్తకం ఉంటుంది. 23 పేజీల ఆ పుస్తకం ఉచితం. జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించుకోండి, తెర మీద పేజీలు తిప్పుతుంటే సమయం చాలదు. బాంబు రాగానే సీరియల్ నంబరు, బ్యాటరీల సంఖ్య ముందే చెప్పేసి రెండోవారు రాసుకుంటే సగం గందరగోళం తగ్గుతుంది. ఒకేలా పలికే ఇంగ్లిషు మాటలతో ఆడుకునే భాగం ఒకటుంది. అక్కడ పలకవద్దు, అక్షరం అక్షరం చెప్పండి. మామూలుగా మూడు తప్పులకు బాంబు పేలుతుంది.

ప్రశ్న: మన వంటలు, మన ఇళ్లు కనిపించే ఆటలు ఉన్నాయా? (కొత్తపేట, గుంటూరు)

వెన్బా (2023). కెనడాకు వలస వెళ్లిన తమిళ కుటుంబం కథ. కథానాయిక వెన్బాకు ఆమె అమ్మ ఇచ్చిన వంటల పుస్తకం చిరిగి, మరకలు పడి ఉంటుంది. పోయిన అంచెలను మనం పూరించాలి. ఇడ్లీ రేకులు ఒకదాని మీద ఒకటి ఎలా పేర్చాలన్నది మొదటి పజిల్. మన ఇళ్లలో పెరిగినవారికి అది పజిలే కాదు. ఆట చిన్నది, గంటన్నరలో అయిపోతుంది, కనుక డిస్కౌంట్‌లో కొనమంటాం. అయినా కొడుకు ఇంగ్లిషులో జవాబిస్తుంటే అమ్మ మాట ఆగిపోయే ఘట్టాల కోసం ఆడాల్సిందే. 2024లో బ్రిటన్‌కు చెందిన బాఫ్తా వారి తొలి ఆట పురస్కారం దీనికి వచ్చింది.

పుణే వారి రాజీ (2020) చూడముచ్చటగా ఉంటుంది కానీ అందులో పజిల్స్ కంటే పోరాటాలే ఎక్కువ.

ప్రశ్న: ఇంజినీరింగ్ రెండో సంవత్సరం. సొంతంగా చిన్న పజిల్ ఆట చేయాలనుంది. యూనిటీ అనే ఆటల తయారీ సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టి మధ్యలో వదిలేశాను. (ఒక విద్యార్థి, పట్టాభిపురం, గుంటూరు)

పజిల్‌స్క్రిప్ట్‌తో మొదలుపెట్టండి. స్టీఫెన్ లావెల్ 2013లో తెచ్చిన ఉచిత సాధనం. బ్రౌజర్‌లోనే నడుస్తుంది, ఏమీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు.

ఎడిటర్ తెరిచి ఉదాహరణల జాబితాలోంచి పెట్టెలు తోసే మొదటి ఆటను లోడ్ చేయండి. పైన ఆట పేరు, కింద ఏడు భాగాలు ఉంటాయి: వస్తువులు, గుర్తుల పట్టిక, శబ్దాలు, పొరలు, నియమాలు, గెలుపు షరతులు, లెవెల్స్. ప్రతి వస్తువూ 5 గడుల వెడల్పు, 5 గడుల ఎత్తు బొమ్మ. అంకెలు రంగులు, చుక్క అంటే ఖాళీ.

నియమాల్లో ఒకే ఒక్క వరుస ఉంటుంది. బాణం గుర్తుకు ఎడమవైపు, ప్లేయర్ పక్కనున్న క్రేట్ వైపు కదలబోతే అని. కుడివైపు, ప్లేయర్‌తోపాటు క్రేట్ కూడా అటే కదలాలి అని. కదలికను చెప్పేవి కుడివైపు చూసే కోణపు గుర్తులు, మొత్తం మూడు. ఆ మూడింటినీ ఎడమవైపు చూసేలా తిప్పి రన్ కొట్టండి. పెట్టెను తోసే ఆట కాస్తా పెట్టెను లాగే ఆటగా మారిపోతుంది. నడుమనున్న బాణంలో కూడా అలాంటి గుర్తే ఉంటుంది, దాన్ని ముట్టుకోవద్దు, ముట్టుకుంటే నియమమే చదవబడదు.

కొత్తవారికి వచ్చే తప్పులు దాదాపు ఇవే. బ్యాక్‌గ్రౌండ్, ప్లేయర్ అనే పేర్లతో వస్తువులు లేకపోతే ఆట నడవదు. కొత్త వస్తువు చేర్చి పొరల్లో రాయడం మరిచిపోతే ఎర్రర్ వస్తుంది. ఒకే పొరలోని రెండు వస్తువులు ఒకే గడిలో ఉండలేవు, కనుక పెట్టెను, అది చేరాల్సిన చోటును వేర్వేరు పొరల్లో పెట్టాలి. లెవెల్‌లోని వరుసలన్నీ ఒకే పొడవుండాలి. ఎర్రర్ ఏ లైన్‌లో ఉందో కన్సోల్‌లో కనిపిస్తుంది, మొదటిది సరిచేస్తే మిగతావి చాలాసార్లు వాటంతటవే పోతాయి.

నియమం ఒక్కటే పెట్టుకోండి. లోపల 5 గడుల గది గీసి, ఆ నియమం వల్ల మీరే ఆశ్చర్యపోయే ఒక్క సంఘటన దొరికేదాకా ఆడండి. దొరికాక దానికి అవసరం లేని ప్రతి గడినీ, ప్రతి పెట్టెనూ తీసేయండి. పెద్ద లెవెల్ కష్టమైన లెవెల్ కాదు, వెతుకులాట ఎక్కువున్న లెవెల్ మాత్రమే. తర్వాత హాస్టల్‌లో ఒకరికిచ్చి పక్కన కూర్చోండి, నోరు విప్పకుండా. వాళ్లు ఎక్కడ ఆగారో, నియమాన్ని ఎక్కడ తప్పుగా అర్థం చేసుకున్నారో రాసుకోండి. అక్కడ మీరు నోటితో చెప్పాలనుకున్న సంగతే ముందొక చిన్న లెవెల్‌గా రావాలి. ఎక్స్‌పోర్ట్ నొక్కితే ఒకే హెచ్‌టీఎంఎల్ ఫైలుగా వస్తుంది, ఎవరికైనా పంపొచ్చు.

ప్రశ్న: నాకు ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియదు. పైన చెప్పినవాటిలో ఏవి ఆడొచ్చు? (మొగల్రాజపురం, విజయవాడ)

ఓబ్రా డిన్ నిశ్చింతగా ఆడండి, అందులో ఉన్నవి రెండే రంగులు. బాబా ఈజ్ యూలో పని అక్షరాలతోనే. సోకోబాండ్ పరమాణువుల మీద అక్షరాలుంటాయి. ఎ మాన్‌స్టర్స్ ఎక్స్‌పెడిషన్, హిడెన్ ఫోక్స్‌లలో ఇబ్బంది రాదు. బాంబు ఆటలో తీగల రంగులు చెప్పాలి కనుక మీరు పుస్తకం పట్టుకుని, బాంబు అవతలివారికి ఇవ్వండి. సైమన్ టాథమ్ యాప్‌లో మ్యాప్, ఫ్లడ్, సేమ్ గేమ్ రంగుల మీదే నడుస్తాయి, వాటి బదులు బ్రిడ్జెస్, టవర్స్ ఆడండి. పేరున్న ది విట్నెస్ (2016) మాత్రం కొనకండి. అందులో రంగులు విడదీసి చూడందే తెగని పజిల్స్ ఒక భాగం నిండా ఉన్నాయి.